ఇరవై రూపాయలకు ఏడు పూరీలు

2025 ఫిబ్రవరి 23న ప్రధానమంత్రి తన 'మన్ కీ బాత్' ప్రసంగంలో దేశ ప్రజలకు ఒక హితవు చెప్పారు. ఊబకాయం ప్రమాదకరంగా పెరిగిపోతున్నదనీ, ప్రతి కుటుంబమూ వంటనూనె వాడకాన్ని 10 శాతం తగ్గించుకోవాలనీ కోరారు. మరునాడు పదిమంది ప్రముఖుల పేర్లు ప్రకటించి, వారిలో ఒక్కొక్కరూ మరో పదిమందిని ఈ ఉద్యమంలోకి తీసుకురావాలని పిలుపునిచ్చారు. హితవు మంచిదే. వైద్యులెవరూ దానిని కాదనరు. అయితే హితవు చెప్పిన నోరూ, వడ్డించిన చేయీ ఒకే ప్రభుత్వానివి అయినప్పుడు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే హక్కు తినేవాడికి ఉంటుంది.

ఆ చేతి వడ్డన ఎలా ఉంటుందో చూడాలంటే రైల్వే ప్లాట్‌ఫారానికి వెళ్లాలి. 2023లో రైల్వే బోర్డు జనరల్ బోగీల ప్రయాణికుల కోసం చౌక భోజన పథకం ప్రకటించింది. 20 రూపాయలకు ఏడు పూరీలు, బంగాళాదుంప కూర, పచ్చడి. 3 రూపాయలకు గ్లాసు మంచినీళ్లు. నూనెలో వేగిన పిండి, దాని పక్కన మళ్లీ పిండి పదార్థమే అయిన దుంప. పప్పు లేదు, ఆకుకూర లేదు, గుడ్డు లేదు. దేశంలోని అతి పెద్ద యాజమాన్యాలలో ఒకటైన రైల్వే, నిరుపేద ప్రయాణికుడి ఆకలి తీర్చడానికి ఆలోచించి ఎంచుకున్న భోజనం ఇది. పౌరుడు తన వంటింట్లో నూనె సీసాను పదో వంతు తగ్గించుకోవాలి. సర్కారు మూకుడు మాత్రం యథాతథంగా కాగుతూనే ఉంటుంది.

ఈ వైరుధ్యాన్ని తూచడానికి ఢిల్లీ కంటే ఖరగ్‌పూర్ అనువైన చోటు. అందులోనూ న్యూ సెటిల్‌మెంట్.

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఈ రైల్వే పట్టణంలో తెలుగు వినిపించడం కొత్తవారికి వింతగా ఉంటుంది. చరిత్ర తెలిసినవారికి ఉండదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాలు హౌరా నుంచి వాల్తేరు దాకా పరచుకున్న తరువాత, నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల పేద కుటుంబాలకు ఖరగ్‌పూర్ కూటికి దారి అయింది. కరువు తరిమితే వచ్చారు. వర్క్‌షాపులో సుత్తి పట్టారు, బాయిలర్లకు బొగ్గు ఎత్తారు, పట్టాల కింద కంకర దిమ్మిస కొట్టారు. 1920ల చివరలో ఈ రైల్వే కార్మికులు ఉద్యోగాల కోతలపై సాగించిన పోరాటాల నాయకులలో వి.వి. గిరి ఒకరు. మతురాకాఠీ, నింపురా, న్యూ సెటిల్‌మెంట్ వంటి వాడల్లో నేటి తెలుగు కుటుంబాలు చాలావరకు ఆ కార్మికుల మనుమలు, మునిమనుమలు. వారి ముత్తాతలు వచ్చింది ఒక్క హామీ మీద: రెక్కలు ముక్కలు చేసుకుంటే రెండు పూటలా అన్నం దొరుకుతుంది.

హామీ నెరవేరింది. అన్నం దొరికింది. ఇప్పుడు ఆ అన్నమే ప్రశ్నగా మారింది.

న్యూ సెటిల్‌మెంట్‌లో సాయంత్రం పూట నడిచి చూడండి. క్వార్టర్ల వరుసల చివర టీ కొట్టు. దాని చూరుకు చిప్స్, కుర్‌కురే, భుజియా పొట్లాలు పెళ్లి పందిరి తోరణాల్లా వేలాడుతుంటాయి. అయిదు రూపాయల పొట్లం, పది రూపాయల పొట్లం. పక్కన మూకుడులో ఆలూ చాప్, కొంచెం అవతల ఎగ్ చౌమీన్, రోల్, మోమో. బడి నుంచి వచ్చిన పిల్లవాడి చేతిలో అయిదు రూపాయల బిళ్ల ఉంటుంది. ఆ బిళ్లకు అరటిపండు దొరకడం కష్టం, చిప్స్ దొరకడం సులభం. కంపెనీలు ఆ ధరను ఊరికే నిర్ణయించలేదు. పిల్లవాడి పిడికిలిని కొలిచి నిర్ణయించాయి.

రిటైరైన ఒక ఫిట్టర్‌తో మాట్లాడాను. తన నాన్న ఊరి నుంచి వచ్చినప్పుడు మూటలో చోడి పిండి తెచ్చుకున్నాడని ఆయన చెప్పారు. చోడి అంబలి తాగేవాళ్లను నలుగురూ నవ్వుతారని, నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే ఇంట్లో అది మానేశారట. ఇప్పుడు ఆయనకు చక్కెర వ్యాధి. డాక్టరు రాగులు తినమన్నాడు. "బాబూ, రేషన్‌లో బియ్యం ఊరికే ఇస్తారు, చోళ్లు మాత్రం కొనుక్కోవాలి" అన్నారాయన. ఆ ఒక్క వాక్యంలో మన దేశపు ఆహార విధానం మొత్తం ఉన్నది.

అంకెలు చూద్దాం. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం స్త్రీలు, 22.9 శాతం పురుషులు అధిక బరువుతోనో, ఊబకాయంతోనో ఉన్నారు. 2005-06లో ఈ అంకెలు 12.6, 9.3. అంటే పదిహేనేళ్లలో స్త్రీలలో దాదాపు రెట్టింపు, పురుషులలో అంతకన్నా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. పశ్చిమ బెంగాల్‌లో 22.7 శాతం. కానీ అదే సర్వేలో, అదే బెంగాల్‌లో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 71.4 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఈ రెండు అంకెలనూ విడివిడిగా చదివేవారికి రెండు జబ్బులు కనిపిస్తాయి. కలిపి చదివితే ఒకే విస్తరి కనిపిస్తుంది. బియ్యం, దుంప, నూనె, చక్కెరతో నిండి, పప్పు, గుడ్డు, కూర, పండు లేని విస్తరి. దాని వల్ల పొట్ట పెరుగుతుంది, నెత్తురు పెరగదు.

"ఇది ధనికుల జబ్బు, ఆకలితో మాడే దేశంలో ఊబకాయం గురించి మాట్లాడటం విలాసం" అని వాదించే మిత్రులు వామపక్షంలోనూ ఉన్నారు. వారి ఆవేదనను గౌరవిస్తూనే ఆ వాదాన్ని తోసిపుచ్చాలి. తల్లి కడుపులోనే పోషణ కొరవడి తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు, పెద్దయ్యాక చవక పిండి పదార్థాలు దండిగా అందితే, కొవ్వు ముందుగా పొట్ట చుట్టూ చేరుతుందని, చక్కెర వ్యాధి త్వరగా పట్టుకుంటుందని భారతీయ వైద్యులే దశాబ్దాలుగా చెబుతున్నారు. నిన్నటి ఆకలే నేటి పొట్ట. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో చక్కెర వ్యాధిగ్రస్తులు 10.1 కోట్లని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని అంచనా వేసింది. అదే పరిశోధకుల 2025 నాటి నివేదిక ప్రకారం భారతీయులు తీసుకునే శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నది. ప్రపంచమంతటా ఇదే గాలి. 2025లో యునిసెఫ్ చెప్పిన మాట: 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో తక్కువ బరువువారి కంటే ఊబకాయులు తొలిసారిగా ఎక్కువయ్యారు. దక్షిణాసియా, సహారా దిగువ ఆఫ్రికా మాత్రమే ఇంకా మినహాయింపు. ఆ మినహాయింపు ఎంతకాలమన్నది మనం ఇప్పుడు తీసుకునే నిర్ణయాలపై ఆధారపడి ఉంటుంది.

మరి మనం ఏ నిర్ణయాలు తీసుకుంటున్నాం? ప్రధాని హితవు చెప్పిన సంవత్సరపు పంచాంగమే తిరగేద్దాం.

జనవరి 31న పార్లమెంటు ముందుకు వచ్చిన ఆర్థిక సర్వే, అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారాలపై ఎక్కువ పన్ను వేసే విషయం పరిశీలించాలనీ, పొట్లాల ముందుభాగాన హెచ్చరికలు ఉండాలనీ సూచించింది. ఫిబ్రవరిలో నూనె తగ్గించుకోమన్న హితవు. మే 30న ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల దిగుమతిపై ప్రాథమిక సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించారు. సెప్టెంబరు 22 నుంచి భుజియా, మిక్చర్, ఇన్‌స్టంట్ నూడుల్స్, బిస్కెట్లు, చాక్లెట్లపై జీఎస్టీ 12, 18 శాతాల నుంచి 5 శాతానికి దిగింది. తీపి కూల్‌డ్రింకులను మాత్రం 40 శాతంలో ఉంచారు. ఆ మేరకు మెచ్చుకోవలసిందే. కానీ మొత్తం లెక్క ఏమిటి? జనవరిలో పన్ను పెంచమన్నది ప్రభుత్వ నివేదికే, సెప్టెంబరులో తగ్గించింది ఆ ప్రభుత్వమూ రాష్ట్రాలూ కలిసి కూర్చునే మండలే. ఫిబ్రవరిలో నూనె తగ్గించమన్నారు, మేలో నూనెను చవక చేశారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దలు అన్నారు. ఇక్కడ తొక్కేది ఒకరు, కడుక్కోమని చెప్పేది మరొకరికి.

ధరలు తగ్గించడమే తప్పని నేను అనడం లేదు. నూనె ధర మండితే మొదట కాలేది పేదింటి పొయ్యే. కానీ ప్రభుత్వం ధర తగ్గించదలిస్తే కందిపప్పు ఉన్నది, గుడ్డు ఉన్నది, కూరగాయలు ఉన్నాయి. వాటిని చవక చేయాలంటే గిడ్డంగులు, రవాణా, రైతుకు గిట్టుబాటు ధర అన్నీ కావాలి, శ్రమ ఉన్నది. నూడుల్స్ పొట్లాన్ని చవక చేయడానికి ఒక నోటిఫికేషన్ చాలు. 2021లో ఆయిల్ పామ్ సాగు కోసం 11,040 కోట్ల రూపాయల జాతీయ పథకం ప్రకటించారు. దేశంలో ఆ పంట అత్యధికంగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. విదేశీ నూనెకు బదులు స్వదేశీ నూనె రావచ్చు. మూకుడు మాత్రం అదే.

ఇక రేషన్. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు తెలుగునేల మీద ఆకలి వెనకడుగు వేసింది. 2013 ఆహార భద్రతా చట్టం ఆ హామీని దేశానికి విస్తరించింది. 2023 నుంచి ఆ ధాన్యం ఉచితమైంది. ఈ మెట్లలో ఒక్కదాన్ని కూడా వెనక్కి తీసుకోమని నేను అడగను, అడిగేవారితో పోరాడతాను. కానీ నలభై ఏళ్ల తరువాత కూడా భద్రత అంటే మనిషికి నెలకు అయిదు కిలోల బియ్యమో, గోధుమలో మాత్రమేనా? అదే చట్టం అనుబంధంలో ముతక ధాన్యాల పేరు ఉన్నది, కిలో రూపాయి చొప్పున. కర్ణాటక రేషన్‌లో రాగి, జొన్న ఇస్తున్నది. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి రాగిని రేషన్‌లోకి తెచ్చింది. అంటే చేయవచ్చునని రుజువైంది. 2023ను మన ప్రతిపాదన మీదనే ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఢిల్లీలో జీ20 అతిథుల విందులో చిరుధాన్యాల వంటకాలు కొలువుదీరాయి. అతిథికి చోళ్లు, ఫిట్టర్‌కు పాలిష్ బియ్యం. వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మనవాడు కాదని తేలిపోవడానికి ఇంతకన్నా రుజువేమి కావాలి?

మధ్యాహ్న భోజనం మాటకు వద్దాం. 2025 మే నుంచి ప్రాథమిక పాఠశాల పిల్లవాడి ఒక పూట వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు. బియ్యం వేరుగా వస్తాయి, నిజమే. పప్పు, కూర, నూనె, పోపు, గ్యాస్ అన్నీ ఈ సొమ్ములోనే. బజారులో ఒక్క గుడ్డు కొంటే దాదాపు అంతా అయిపోతుంది. బడి ఇచ్చేది ఇంత. బడి గేటు బయట అయిదు రూపాయల పొట్లం ఎదురుచూస్తుంటుంది, ఇప్పుడు దానిపై పన్ను కూడా తగ్గింది. ఈ పోటీలో ఎవరు గెలుస్తారో చెప్పడానికి పోషకాహార నిపుణుడు అక్కరలేదు.

బెంగాల్ ప్రభుత్వం ఏమి చేసింది? 2025 జూలైలో కార్యాలయాల్లో నూనె, చక్కెర గురించి బోర్డులు పెట్టాలన్న కేంద్ర ఆరోగ్య శాఖ లేఖ మీద పెద్ద రగడ జరిగింది. సమోసా, జిలేబీల మీద ఆంక్షలను రాష్ట్రంలో అమలు చేయబోమని ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ప్రకటించారు. భారతీయ చిరుతిళ్లను లక్ష్యంగా చేసుకోలేదని కేంద్రం వివరణ ఇచ్చింది. సింగాడా గౌరవం నిలబడింది, జిలేబీ పరువు దక్కింది, ఇరుపక్షాలూ విజయం ప్రకటించుకున్నాయి. రక్తహీనతతో ఉన్న 71.4 శాతం స్త్రీల ప్రస్తావన ఆ రగడలో నాకు వినిపించలేదు. 2020 డిసెంబరులో, ఎన్నికల ముంగిట, అదే రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల జాబితాలో చోటు ఇవ్వాలని నిర్ణయించింది. న్యూ సెటిల్‌మెంట్ సంతోషించింది, నేనూ సంతోషించాను. మన నాలుక మీది మాటను గుర్తించినవారు, అదే నాలుక మీదికి ఏ ముద్ద వస్తున్నదో కూడా చూడాలి కదా?

ఇక్కడ మరో శిబిరాన్ని కూడా ఎదుర్కోవాలి. పూర్వీకుల తిండికి తిరిగి వెళితే సర్వరోగాలూ పోతాయని బోధించేవారి శిబిరం. వారు అంబలిని ఆరాధిస్తారు, అంబలి తాగిన మనిషి బతుకును మరచిపోతారు. ఆ ముత్తాతలు చోడి అంబలి తాగింది ఆరోగ్య స్పృహతో కాదు, వరి అన్నం అందనందువల్ల. వారిలో ఎందరో నడివయసు దాటకుండానే పోయారు. 1943 కరువులో మేదినీపూర్ అత్యంత ఘోరంగా దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. అంతకు ముందటి ఏడాది అక్టోబరు తుఫాను అక్కడి పంటను ఊడ్చుకుపోయింది. ఆ రోజుల్లో రైల్వేలు, ఫ్యాక్టరీల కార్మికులకు ప్రభుత్వం ప్రాధాన్య క్రమంలో చౌక ధాన్యం అందించింది. యుద్ధ యంత్రం ఆగకూడదు గనుక రైల్వే తన ధాన్యపు దుకాణాలు నడిపింది. కాలనీ లోపల బియ్యం, వెలుపల పల్లెల్లో శవాలు. ఎవరి పళ్లెంలో ఏమి పడాలో ప్రభుత్వమే నిర్ణయించగలదని ఈ నేలకు ఎనభై ఏళ్ల క్రితమే తెలుసు. కాబట్టి ఇవాళ పళ్లెం వ్యక్తిగత విషయమని ఎవరైనా అంటే, ఖరగ్‌పూర్‌లో నిలబడి ఆ మాట అనవద్దని మనవి.

వ్యక్తిగత బాధ్యత అన్న మాటను నేను కొట్టిపారేయను. నడవాలి, మితంగా తినాలి. కానీ న్యూ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీలో ఇల్లు రైల్వేది, వీధి రైల్వేది, నీళ్లు రైల్వేవి, జీతం రైల్వేది, ఆసుపత్రి రైల్వేది. స్టేషన్లో స్టాలుకు లైసెన్సు ఇచ్చేదీ రైల్వేయే. ఒకే యజమాని చేతిలో ఇన్ని తాళంచెవులు ఉన్న చోటు దేశంలో అరుదు. ఆ యజమాని ఒక చేత్తో చిప్స్ అమ్మకానికి అనుమతి ఇచ్చి, మరో చేత్తో ఇన్సులిన్ రాస్తున్నాడు. పర్మనెంటు ఉద్యోగికి ఆ ఇన్సులిన్ అయినా దొరుకుతుంది. అతని తాత చేసిన పనినే ఇవాళ కాంట్రాక్టరు కింద చేస్తున్న కుర్రవాడికి రైల్వే ఆసుపత్రి కార్డు లేదు, వండుకునే తీరిక లేదు. డ్యూటీ మధ్యలో పది రూపాయలతో కడుపు నింపే వస్తువు ఏది దొరికితే అదే తింటాడు. అతని నిగ్రహాన్ని పరీక్షించే ముందు అతని పని గంటలను లెక్కించండి.

చేయదలచుకున్న దేశాలు చేశాయి. మెక్సికో 2014లో తీపి పానీయాలపై లీటరుకు ఒక పెసో పన్ను వేసింది, 2020లో పొట్లాల మీద నల్లటి హెచ్చరిక ముద్రలు తెచ్చింది, 2025 మార్చిలో బడుల్లో ఆ సరుకు అమ్మకాన్నే నిషేధించింది. చిలీ 2016లోనే ఆ ముద్రలు వేసి, పిల్లలను ఆకర్షించే బొమ్మలను పొట్లాల మీద నుంచి తొలగించింది. అవి మనకన్నా మరీ సంపన్న దేశాలేమీ కావని అనను. కానీ మన కంటే బలహీనమైన కంపెనీలతో తలపడలేదు. అవే బహుళజాతి సంస్థలు. మన ఆహార ప్రమాణాల సంస్థ 2022లో హెచ్చరికల బదులు నక్షత్రాల ముసాయిదా తయారుచేసింది. చక్కెర, ఉప్పు, కొవ్వు దట్టించిన పొట్లానికి కూడా ఒకటో రెండో నక్షత్రాలు దక్కే పద్ధతి. ప్రమాదం ఉన్న చోట పుర్రె గుర్తు వేస్తారు, నక్షత్రాలు పొదగరు.

కాబట్టి కోరికల జాబితా చిన్నదే. రేషన్‌లో బియ్యంతో పాటు పప్పు, చిరుధాన్యం ఇవ్వండి. నూడుల్స్, భుజియాలపై తగ్గించిన పన్నును వెనక్కి తెచ్చి, వచ్చిన ప్రతి రూపాయినీ మధ్యాహ్న భోజనంలో గుడ్డుకూ, పప్పుకూ కేటాయించండి. పొట్లాల మీద నక్షత్రాలు కాక స్పష్టమైన హెచ్చరికలు ముద్రించండి. ఎర్ర అక్షరమో నల్ల ముద్రో, తెలుగులోనూ బెంగాలీలోనూ చదవగలిగేలా ఉండాలి. కాంట్రాక్టు కార్మికుడికి పని మధ్య వేడి భోజనం, పని ముగిశాక వైద్యం హక్కుగా ఇవ్వండి.

ఇవన్నీ కష్టమనిపిస్తే, పార్లమెంటు అనుమతి గానీ రాష్ట్రాల సమ్మతి గానీ అక్కరలేని ఒక చిన్న పని ఉన్నది. రైల్వే భవన్‌లో ఒక్క సంతకంతో అయిపోతుంది. ఆ ఇరవై రూపాయల పొట్లంలోని ఏడు పూరీల్లో మూడు తీసివేయండి. వాటి స్థానంలో గుప్పెడు ఉడికిన శనగలు పెట్టండి, వీలైతే ఒక గుడ్డు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ఆ పొట్లం కనిపించిన రోజున, మా వంటింటి నూనె సీసా సంగతి మాట్లాడుకుందాం.